డిమెన్షియా ఉన్న నాన్ననో అమ్మనో కేర్ హోములో చేర్చాలంటే: ఏం చూడాలి, ఏం అడగాలి, ఏం రాసివ్వాలి

సాయంత్రం నాలుగయ్యేసరికి మా నాన్న గేటు దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. తాళం ఉంటే పట్టుకుని ఊపేవాడు. ఎవరైనా చెయ్యి పట్టి వెనక్కి లాగితే తోసేసేవాడు. హోము రిజిస్టరులో మూడు వారాలు వరసగా ఒకటే మాట రాశారు: ‘సాయంత్రం పూట అగ్రెసివ్’. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో 36 ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. షిఫ్టు దిగాలి, టిఫిన్ డబ్బా పట్టుకోవాలి, గేటు దాటి ఇంటికి రావాలి. రోజూ ఆ టైముకి ఆయన చేస్తున్నది అదే. హోములో ఎవరికీ ఆ సంగతి తెలీదు, ఎందుకంటే నేను చెప్పలేదు. చేర్చిన రోజున బీపీ మాత్రలు, ఆధార్ జిరాక్సు, నాలుగు జతల బట్టలు అప్పగించి వచ్చాను. ఆయన గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు మీరు ఇదే పనిలో ఉంటే, నాకు ఆలస్యంగా తెలిసినవి మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

ముందు జబ్బేదో తేల్చుకోండి

డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు. మన ఇళ్లలో దీనికి మొదటి పేరు ‘చాదస్తం’. రెండోది ‘వయసొచ్చింది, మామూలే’. ఈ రెండు మాటలతోనే చాలా ఇళ్లలో రెండు మూడేళ్లు గడిచిపోతాయి. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అందులో ఎక్కువ భాగం అల్జీమర్స్ వల్ల వచ్చేదే. తాళంచెవి ఎక్కడ పెట్టారో మర్చిపోవడం వయసు వల్ల కావచ్చు. తాళంచెవి చేతిలో పెట్టుకుని ఇది దేనికని అడిగితే మాత్రం డాక్టరుకి చూపించాలి.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. పంజాగుట్ట నిమ్స్‌లోనూ, గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లోనూ ఆ విభాగాలున్నాయి. బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, ఎప్పుడో కిందపడి తలలో రక్తం గడ్డకట్టినా చూడ్డానికి డిమెన్షియాలాగే ఉండొచ్చు. వీటికి వైద్యం ఉంది. అవేవీ కావని తేలకముందే హోములు వెతకడం మొదలుపెట్టకండి. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులు రాస్తే వాడండి. అవి కొందరికి కొంతకాలం ఊరటనిస్తాయి, జబ్బును తగ్గించవు. తగ్గిస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే కాగితాల పని చేయండి

ఈ పనిలో ఆలస్యం చేసి కోర్టుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలను చూశాను. చాలామంది ‘జీపీఏ రాయించుకున్నాం, ఇంకేం భయం లేదు’ అనుకుంటారు. మన కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ జీపీఏ, అంటే ఆయన తరఫున పనులు చేసే అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ, చెల్లదు. సరిగ్గా అవసరం పడే రోజుకి అది పనికి రాకుండా పోతుంది. ఆ తర్వాత ఆస్తి అమ్మాలన్నా, డిపాజిట్లు కదిలించాలన్నా హైకోర్టుకి వెళ్లి సంరక్షకులుగా నియమించమని అడగాల్సి వస్తుంది.

అందుకే జబ్బు పేరు తెలిసిన నెలలోనే, ఆయనకి విషయం అర్థమవుతుండగానే కూర్చోండి. పెన్షన్ వచ్చే ఖాతాను జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించండి. నామినీల పేర్లు సరిచూడండి. వీలునామా రాస్తానంటే, ఆ రోజు ఆయన తెలివిగానే ఉన్నారని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ దానికి జత చేయండి. రేపు అన్నదమ్ముల మధ్య మాట పెరగకుండా అది కాపాడుతుంది. చివరి రోజుల్లో వెంటిలేటరు, గొట్టాలు వద్దనుకునేవాళ్లు ముందుగానే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. నేను నాన్నను ఈ మాట అడగలేకపోయాను. నోరు రాలేదు. మీకు వస్తే అడగండి.

పెన్షన్ కోసం ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ గురించి బెంగ పడకండి. దాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ముఖం చూపించినా సరిపోతుంది, హోముకి వెళ్లినప్పుడు మీ ఫోనులోనే చేసేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లలో 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది.

ఎప్పుడు చేర్చాలి

జనం మాటలు అడ్డుపడేది ఇక్కడే. ‘కన్నతండ్రిని ఆశ్రమంలో పడేశారు’ అనే మాట మీకు ఎవరి నోటి నుంచో తప్పకుండా వినబడుతుంది. అన్నవాళ్లలో ఒక్కరు కూడా రాత్రి రెండింటికి లేచి ఆయన లుంగీ మార్చి ఉండరు. మా ఇంట్లో నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. పగలు పెట్టిన మనిషి మూడు నెలల్లో నలుగురు మారారు. ఒకరోజు నాన్న గ్యాసు తిప్పి వెలిగించడం మర్చిపోయాడు. మరోరోజు మెట్టుగూడ చౌరస్తాలో, ట్రాఫిక్ మధ్యలో దొరికాడు.

ఇంట్లో ఆయనకు ప్రమాదం ఉన్నప్పుడు, చూసుకునే మనిషి ఆరోగ్యం కూలిపోతున్నప్పుడు, రాత్రిళ్లు ఎవరికీ నిద్ర లేనప్పుడు చేర్చడం తప్పు కాదు. దాన్ని చూసుకునే చోటు మార్చడం అనుకోండి. చేర్చాక మీ పని తగ్గదు, వేరే రూపంలో ఉంటుంది. పూర్తిగా వదిలించుకోవాలనుకునేవాళ్లకు చట్టమూ ఒప్పుకోదు: 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 24వ సెక్షన్ కింద పెద్దవాళ్లను వదిలేస్తే మూడు నెలల వరకు జైలు పడొచ్చు.

తోబుట్టువులుంటే చేర్చే ముందే ఒకచోట కూర్చుని డబ్బు ఎవరు ఎంతో, వెళ్లి చూసేది ఎవరు ఏ రోజో కాగితం మీద పెట్టుకోండి. అమెరికాలో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో సలహాలిస్తాడు, ఇక్కడున్న అక్క ఆటోలో తిరుగుతుంది. ఇది మన ఊళ్లో ఇంటింటి కథ.

హోము చూడ్డానికి వెళ్లినప్పుడు

శామీర్‌పేట, మేడ్చల్, మొయినాబాద్ వైపు తోటల మధ్య అందమైన భవనాలున్నాయి. ఫోటోలు చూస్తే మనకే అక్కడ ఉండాలనిపిస్తుంది. నా సలహా వేరు: మంగళవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక మీరు వెళ్లి రాగలిగే దూరంలో ఉన్నదాన్ని చూడండి. రింగ్ రోడ్డు దాటి వెళ్లాల్సిన చోటైతే మొదటి నెల నాలుగుసార్లు వెళ్తారు, మూడో నెలకు ఒక్కసారి. పదిహేను నిమిషాల్లో చేరేంత దగ్గర్లో పెద్దాస్పత్రి ఉందో లేదో కూడా చూసుకోండి.

ఫోనులో మొదటి ప్రశ్న సూటిగా అడగండి: ‘డిమెన్షియా ఉన్నవాళ్లను తీసుకుంటారా? మంచం పట్టాక కూడా ఉంచుకుంటారా?’ మామూలు వృద్ధాశ్రమాల్లో చాలావాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లే కావాలి. మొదట సరేనని, ఆరునెలల తర్వాత ‘మా వల్ల కాదు, తీసుకుపోండి’ అంటే ఆయన రెండోసారి చోటు మారాలి. ఈ జబ్బులో ప్రతి మార్పూ మనిషిని ఒక మెట్టు కిందికి తోస్తుంది.

ఒకసారి చెప్పి వెళ్లండి, ఇంకోసారి చెప్పకుండా వెళ్లండి. చెప్పకుండా వెళ్లేది సాయంత్రం ఆరు, ఏడు మధ్య అయితే మంచిది. పొద్దు వాలేసరికి ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి కంగారు, గాభరా పెరుగుతాయి. సిబ్బంది ఓపిక కూడా అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ గంటలో ఆ ఇల్లు ఎలా ఉందో అదే దాని అసలు రూపం. మూత్రం వాసన వస్తోందా, లేక దాన్ని కప్పేంత ఫినాయిల్ వాసన వస్తోందా? అక్కడున్న పెద్దవాళ్ల గోళ్లు చూడండి, గడ్డాలు చూడండి. ఒంటి మీద ఎవరి బట్టలు వాళ్లవేనా? అందరినీ వరసగా టీవీ ముందు కూర్చోబెట్టి సిబ్బంది ఫోన్లు చూసుకుంటున్నారా? ఒక అటెండెంట్ ఒక పెద్దాయనకు అన్నం తినిపిస్తుంటే ఐదు నిమిషాలు ఊరికే గమనించండి. కూర్చుని తినిపిస్తున్నాడా, నిలబడి కుక్కుతున్నాడా? ఆ ఐదు నిమిషాలు మేనేజరుతో గంటసేపు మాట్లాడినదానికన్నా ఎక్కువ చెబుతాయి.

మేనేజరుని అడగాల్సినవి కూడా ఉన్నాయి. రాత్రి రెండు గంటలకు ఎంతమంది మెలకువగా ఉంటారు? అటెండెంట్లు సగటున ఎన్నాళ్లు ఉంటున్నారు? కిందటి నెలలో ఎవరైనా జారిపడ్డారా, పడితే ఏం చేశారు? ‘మా దగ్గర ఎవరూ పడరండీ’ అని జవాబొస్తే నమ్మకండి. డిమెన్షియా ఉన్నవాళ్లు పడతారు, నిజం చెప్పేవాళ్లు ఎలా పడ్డారో చెబుతారు. మనిషిని మంచానికి కడతారా అని కూడా మొహమాటం లేకుండా అడగండి. ఏ శాఖ దగ్గర రిజిస్టరైందో కాగితం చూపించమనండి. డైపర్లు, ఫిజియో, ఆస్పత్రికి తోడు వచ్చే మనిషి, వీటికి విడిగా ఎంతవుతుందో, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో రాతలో తీసుకోండి.

ఏ భాషలో మాట్లాడతారు?

హైదరాబాద్‌లో దీన్ని విడిగా చెప్పుకోవాలి. మన హోముల్లో చూసుకునే పిల్లల్లో ఒడిశా, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి పిల్లలు, కష్టపడతారు. కానీ రాత్రి భయపడి లేచిన మనిషికి ‘ఏం కాలేదు, పడుకో నాన్నా’ అనే నాలుగు మాటలు తన భాషలో వినబడాలి.

నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది వివరాలతో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన అధ్యయనం 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా దాదాపు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువురానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించిందని అందులో తేలింది. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ కలిసి బతికే ఈ ఊళ్లో అలాంటి పరిశోధన జరగడం నాకు ఆశ్చర్యంగా అనిపించలేదు. నాన్నకు మూడు భాషలూ వచ్చు. వర్క్‌షాపు నేస్తాలతో అంతా ఉర్దూలోనే. జబ్బు ముదిరేకొద్దీ ముందు హిందీ పోయింది, తర్వాత ఉర్దూ తగ్గింది, చివరికి జనగామ పక్కన ఊళ్లో చిన్నప్పుడు మాట్లాడిన తెలుగు మిగిలింది. చిన్నప్పుడు నేర్చిన భాష చివరిదాకా నిలవడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే. కాబట్టి మీ అమ్మకు మరాఠీయో కన్నడమో ఇంటిభాష అయితే, ఇన్నేళ్లూ తెలుగు గడగడా మాట్లాడిందని ధీమాగా ఉండకండి.

రాత్రి డ్యూటీలో ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉన్నారేమో అడగండి. లేకపోతే పది మాటలు రాసివ్వండి: నీళ్లు, నొప్పి, ఒంటికి, రెంటికి, చలి, అన్నం, భయం లేదు, ఇలాంటివి. నాన్న గదిలో ఉన్న ఒడియా కుర్రాడు వారంలో ఆ పదీ నేర్చుకున్నాడు.

రెండు పేజీల కాగితం రాయండి

ఈ వ్యాసంలో మీరు ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. నాన్న గేటు గొడవ తర్వాత నేను చేసింది ఇదే. కాగితం మీద ఆయన బతుకు రాశాను. కథలా రాయక్కర్లేదు. చూసుకునే పిల్లవాడికి పనికొచ్చేలా రాయాలి.

ఏమని పిలవాలో మొదట రాయండి. హోములో అందరూ అంకుల్ అనో తాతా అనో పిలుస్తారు. మా నాన్న దానికి తలతిప్పేవాడు కాదు. వర్క్‌షాపులో ఆయన్ని ‘మిస్త్రీ సాబ్’ అనేవాళ్లు. అలా పిలిస్తే వెంటనే చూసేవాడు. మీ అమ్మ స్కూల్లో పనిచేసి ఉంటే ‘టీచరమ్మా’ అనడం పనికొస్తుందేమో చూడండి.

తర్వాత రోజు ఎలా నడుస్తుందో గంటల వారీగా. ఎన్నింటికి లేస్తాడు, టీ ముందా స్నానం ముందా, మధ్యాహ్నం కునుకు ఉందా. స్నానం గురించి వివరంగా రాయండి, గొడవలన్నీ మొదలయ్యేది అక్కడే. మనవాళ్లు జీవితమంతా బకెట్, చెంబుతో పోసుకున్నవాళ్లు. నెత్తిమీద షవరు పడితే భయపడి అరుస్తారు. ఎవరో కొత్తమ్మాయి వచ్చి బట్టలు విప్పబోతే ఏ పెద్దాయనైనా చెయ్యి ఎత్తుతాడు. అది జబ్బు లక్షణం కాదు, సిగ్గు. మగ అటెండెంట్ ఉండాలి, నీళ్లు ముందు కాళ్ల మీద పోయాలి, చెంబు ఆయన చేతికి ఇవ్వాలి. ఈ మూడూ రాశాక నాన్న స్నానానికి గొడవ చేయడం దాదాపు ఆగిపోయింది.

చేతులకు ఏం అలవాటో రాయండి. పేర్లు, తేదీలు పోయాక కూడా చేతులు నేర్చిన పని చాలాకాలం నిలుస్తుంది. నాన్నకు ఒక పెట్టెలో పెద్దసైజు నట్లు, బోల్టులు ఇచ్చాం. నోట్లో పెట్టుకున్నా గొంతులో పడనంత పెద్దవి. గంటసేపు బిగించేవాడు, విప్పేవాడు. మీ అమ్మ చేతికి చిక్కుడుకాయలు ఈనెలు తీయమని ఇవ్వొచ్చు, తువ్వాళ్లు మడతపెట్టమనొచ్చు, దారంతో పూలమాల కట్టమనొచ్చు. మాల వంకరగా వస్తే సరిచేయకండి.

నాలుగు గంటల సంగతి కూడా రాశాను. అప్పటి నుంచి ఆ టైముకి అటెండెంట్ స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి, ‘మిస్త్రీ సాబ్, డ్యూటీ అయిపోయింది’ అని చేతికిచ్చేవాడు. డబ్బాలో రెండు ఉస్మానియా బిస్కెట్లు. నాన్న డబ్బా పట్టుకుని ఆవరణలో రెండు చుట్లు తిరిగి, కూర్చుని చాయ్ తాగేవాడు. గేటు దగ్గరికి వెళ్లడం మానేశాడు. రిజిస్టరులో ‘అగ్రెసివ్’ అనే మాట మళ్లీ రాలేదు.

కళ్లజోడు, చెవి మెషిన్, పళ్లసెట్టు ఏవి ఉన్నాయో, ఏ చెవి బాగా వినబడుతుందో, దేనికి భయపడతాడో, ఏ పండక్కి ఏం ఇష్టమో కూడా ఉండాలి. బోనాల డప్పు వినబడితే నాన్న ముఖం వెలిగేది. అదే వినాయక చవితి మైకుసెట్టుకి చెవులు మూసుకునేవాడు. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మంచం తల వైపు అతికించండి. ఆఫీసు ఫైల్లోకి పోతే ఎవరూ చదవరు.

చేర్చే రోజు, మొదటి నెల

ఉదయం పూట తీసుకెళ్లండి. ఆయన వాడిన దుప్పటి, దిండు, ఒక పాత ఫోటో ముందుగానే గదిలో పెట్టించండి. ఫోటో ఇప్పటిది వద్దు, పెళ్లినాటిదో ఉద్యోగం నాటిదో కావాలి, చాలామంది తమను ఆ వయసులోనే గుర్తుపడతారు. గదిలో అద్దంలో ముసలాయన ఎవరో ఉన్నాడని భయపడితే అద్దానికి బట్ట కప్పించండి. నల్ల చాప నేల మీద గొయ్యిలా కనిపించొచ్చు, తీయించండి. తెల్లకంచంలో తెల్లన్నం కనబడదు, రంగు కంచం కొనివ్వండి. బట్టల మీద పేరు కుట్టించండి, చేతికి పేరు, ఫోన్ నంబరు ఉన్న పట్టీ కట్టండి. ఎప్పుడైనా తప్పిపోతే వెతుకుతూ గంటలు గడపకుండా వెంటనే 112కి ఫోన్ చేయాలని హోముకి ముందే చెప్పండి.

‘రెండు వారాలు రాకండి, అలవాటు పడతారు’ అని కొన్ని హోములు చెబుతాయి. నేను ఒప్పుకోను. కొందరు మనల్ని చూస్తే వెంట వస్తామని ఏడుస్తారు, నిజమే. అలాంటప్పుడు కాస్త దూరం నుంచి చూసి రండి. అసలు రావద్దనేది మాత్రం మీరు ఒప్పుకోవాల్సిన షరతు కాదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు

చుట్టాలందరూ అడిగే ప్రశ్న ‘నేనెవరో చెప్పు చూద్దాం?’ దయచేసి అడగకండి. చెప్పలేకపోతే ఆయన ముఖంలో కనిపించే సిగ్గు మీరు చూడలేరు. ఎదురుగా వెళ్లి, కళ్ల ఎత్తుకి కూర్చుని, ‘నాన్నా, నేను, నీ చిన్నబిడ్డను’ అని మీరే చెప్పండి. వెంట ఏదైనా తీసుకెళ్లండి, మాట లేని చోట వస్తువు పనికొస్తుంది. నేను జామకాయ కోసి తీసుకెళ్లేదాన్ని, ఉప్పూకారం వాసనకే నవ్వేవాడు.

మా అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ‘మీ అమ్మేది?’ అని ఒకరోజు అడిగితే నిజం చెప్పాను. అప్పుడే విన్నట్టు ఏడ్చాడు. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ అడిగాడు. అప్పటినుంచి ఆ వార్త మళ్లీ చెప్పలేదు. ‘అమ్మ సకినాలు ఎట్ల చేసేది నాన్నా?’ అని అడిగేదాన్ని. చేతులు గాల్లో తిప్పి చూపించేవాడు.

‘ఇంటికి పోదాం పా బిడ్డా’ అన్నప్పుడు ‘ఇదే నీ ఇల్లు’ అనకండి. ఏ ఇల్లో అడగండి. మా నాన్న అడుగుతున్నది మెట్టుగూడ ఇల్లు కాదు, ఊళ్లో చేదబావి పక్కన ఉండే ఇల్లు. అక్కడి వేపచెట్టు గురించి రెండు మాటలు మాట్లాడితే, తీసుకుపొమ్మనే పట్టు కాసేపు సడలేది.

బయల్దేరేటప్పుడు ఊరికే మాయమవకండి, పెద్ద వీడ్కోలూ పెట్టకండి. భోజనానికి కూర్చోబెట్టే టైముకి లేవండి. మనకు మంచి మాట ఒకటి ఉంది, ‘పోయొస్త’. వస్తానన్నది అందులోనే ఉంది.

మందుల చార్టు మీరే చూడండి

మేము మొదట చేర్చిన హోము వేరు. అక్కడ రెండో నెలలో నాన్న పగలంతా మత్తుగా ఉండటం మొదలైంది. అడుగు బిగుసుకుపోయింది, నోట్లోంచి చొంగ కారేది. ‘జబ్బు ముదిరిందండీ’ అన్నారు. చార్టు చూపించమని గొడవ పెట్టుకుంటే, రాత్రిళ్లు తిరుగుతున్నాడని మాకు చెప్పకుండానే కొత్త మాత్ర మొదలుపెట్టారని తెలిసింది. న్యూరాలజిస్టు మెల్లగా మాన్పించాక మూడు వారాలకు మళ్లీ నడిచాడు.

అది యాంటీసైకోటిక్ మందు, భ్రమలు, ఉద్రేకం తగ్గడానికి ఇచ్చే రకం. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఈ రకం మందులు పక్షవాతం ముప్పు పెంచుతాయి. మరణం ముప్పు కూడా పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. లూయీ బాడీ రకం డిమెన్షియాలో అయితే మరీ ప్రమాదం. అసలు వాడకూడదని కాదు. ఎవరికైనా ప్రమాదం జరిగే స్థితి ఉంటే, మీకు చెప్పి, తక్కువ మోతాదులో, కొద్దికాలానికి, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ పెట్టి వాడాలి. ‘ఏ కొత్త మాత్రైనా మాకు ఫోన్ చేశాకే’ అని చేర్చేటప్పుడే రాయించుకోండి. మీ అంతట మీరు మాత్రం ఉన్నపళంగా ఆపకండి.

డిమెన్షియా నెలల్లో ముదురుతుంది. ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే అది వేరే ఏదో. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీళ్లు తగ్గడం, ఎక్కడో నొప్పి, ఇవే ఎక్కువగా కారణం. డాక్టరుని పిలిపించండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండకు దాహం వేసిందని చెప్పలేని మనిషి త్వరగా దెబ్బతింటాడు. మజ్జిగ, రాగి జావ గంటగంటకూ ఇమ్మనండి. నెలకోసారి బరువు చూసి రాయించండి.

ఫిర్యాదు చేయాల్సి వస్తే, సలహా కావాల్సి వస్తే ఎల్డర్‌లైన్ 14567కి ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఫోన్ చేయొచ్చు. మీ మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416 ఉంది. అల్జీమర్స్ సంఘం ఏఆర్‌డీఎస్ఐకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, ఇదే దారిలో నడిచినవాళ్లు అక్కడ దొరుకుతారు.

మింగడం కష్టమైనప్పుడు

చివరి దశలో ముద్ద నోట్లోనే ఉండిపోతుంది, నీళ్లకు పొలమారుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా మెదిపి, చిన్న చెంచాతో పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద, మడమల మీద పుండ్లు పడతాయి. వెళ్లిన ప్రతిసారీ దుప్పటి తీసి చూడండి.

ముక్కులో గొట్టం వేద్దామంటారు. ముదిరిన డిమెన్షియాలో గొట్టం ఆయుష్షు పెంచుతుందనిగానీ, న్యుమోనియాను ఆపుతుందనిగానీ ఆధారాలు లేవు. గొట్టం పీకేసుకుంటారని చేతులు కట్టేయాల్సి వస్తుంది. ఎంత తింటే అంత, చేత్తో ఓపిగ్గా పెట్టడమే మేలని చాలామంది వృద్ధుల వైద్యులు చెబుతున్నారు. మేము గొట్టం వద్దన్నాం.

రెండు పేజీల కాగితాన్ని మూడు నెలలకోసారి తిరగరాయాలి. మనిషి మారుతుంటాడు, పాత కాగితం అబద్ధమవుతుంది. నేను తిరగరాసిన ప్రతిసారీ అది చిన్నదవుతూ వచ్చింది. నట్ల పెట్టె కొట్టేశాను, తర్వాత నడక, తర్వాత బిస్కెట్లు. ఆఖరిసారి రాసిందాంట్లో నాలుగు లైన్లే ఉన్నాయి:

మిస్త్రీ సాబ్ అని పిలవండి. కుడిచెవి వైపు నుంచి మాట్లాడండి. తల కింద రెండు దిండ్లు. నాలుగు గంటలకు టిఫిన్ డబ్బా మూత చప్పుడు చేసి, డ్యూటీ అయిపోయిందని చెప్పండి.